మంచు చాటున వరుస

చీపురుపల్లి.

చిరంజీవి మనుమరాలికి తాతయ్య ఆశీర్వదించి వ్రాయు ఉత్తరము.

తల్లీ, నీ ఉత్తరము అందినది. విజయనగరమునకు వయొలిను నేర్చుకొనబోయిన పిల్ల పాఠమును గూర్చి రెండే వాక్యములు వ్రాసి, బీచ్ హౌస్ అను అమెరికా జంట చేసిన ‘టీన్ డ్రీమ్’ అను ఆల్బము విషయమున హాస్టలు గదిలో జరిగిన తగవును నాలుగు పుటలు వ్రాసినదని మీ నాయనమ్మ నొచ్చుకొన్నది గాని, నాకు మాత్రము ఆ నాలుగు పుటలలోనే నీ చదువు కనబడినది. మీలో ఒకతె అది కలవంటి సంగీతమని కన్నీరు పెట్టినదట; ఒకతె పాటలన్నియు ఒక్క తీరుననే ఉన్నవన్నదట; వేరొకతె మాట తెలియని పాట పాట యెట్లగునని అడిగినదట; ఇంకొకతె ఆ జంట 2006లోను 2008లోను చేసిన మొదటి రెండు ఆల్బములే నిక్కమైనవనియు, తరువాతిది నగిషీ పెట్టిన సరకనియు తేల్చినదట. ఎవరి పక్షమున నిలువవలెనో తోచక నన్నడిగితివి. నా అభిప్రాయము దాచను. కాని దానికి ముందు ఇటువంటి పాటను వినుట ఎట్లో నాకు తెలిసినంత చెప్పెదను.

నీవు పంపిన ఆల్బమును మూడు తెల్లవారుజాములు అరుగుమీద కూర్చుండి వింటిని. పది పాటలు. విక్టోరియా లెగ్రాండ్ అను ఆమె మంద్రస్థాయికి దగ్గరగా, బొంగురులోనే ఒక తియ్యదనము గల గొంతుతో పాడి, కీబోర్డు వాయించినది. అలెక్స్ స్కాలీ అను అతడు గిటారు మీటినాడు. 2010లో వెలువడిన ఈ పాటలను న్యూయార్కు రాష్ట్రమున, ఒకప్పుడు చర్చిగా ఉండి తరువాత రికార్డింగు స్టూడియోగా మారిన కట్టడములో ముద్రించిరి. దాని పేరు కూడ డ్రీమ్‌లాండే. ఈ చర్చి సంగతి నీకు ముఖ్యము. శబ్దము సెకనునకు సుమారు 340 మీటర్లు పోవును. పదునేడు మీటర్ల దూరమున గోడ యున్నచో, నీ గొంతు ఆ గోడను తాకి సెకనులో పదవ వంతునకు నీ చెవికి తిరిగి వచ్చును. పైకప్పు ఎత్తైనది, గోడలు గట్టివి అయినచో ఆ రాకపోకలు ఆగక, ఒక స్వరము అణగకముందే రెండవ స్వరము దానిపై పడి, రెండును కలిసి పొగవలె పరచుకొనును. చిన్నతనమున మన పెరటి నూతి గట్టుపై వంగి నీవు నీ పేరును నీవే పిలుచుకొని, లోపలినుండి ఎవరో పెద్దవారు పలికిరని బెదరి నా పంచె పట్టుకొంటివి, జ్ఞాపకమున్నదా? ఆ నుయ్యి చేసిన పనియే చర్చి గోడలును చేయును. గోడలు చాలనిచోట యంత్రములు చేయును. మీ నేస్తము కలయని కన్నీరు పెట్టిన మాధుర్యములో కొంత భాగము ఈ నూతి లోనిదే. ఆ కన్నీటిని నేను తక్కువ చేయుట లేదు; నీవు వాద్యము నేర్చుపిల్లవు గనుక, ఏది గొంతు చేసిన పనియో, ఏది గోడ చేసిన పనియో వేరు చేసి వినుట నీ విధి.

ఈ తగవు మన ఊరికి క్రొత్తది కాదు తల్లీ. డెబ్బది యేండ్లక్రితము, మన ఊరు ఇంకను శ్రీకాకుళం జిల్లాలో ఉండిన రోజులలో, ఇదే అరుగుమీద ఇదే తగవు విని నేను పెరిగితిని. అప్పుడు వాదమునకు కారణము ఏ దూరదేశపు జంటయు కాదు, మన సాలూరివారి పిల్లవాడు. సాలూరు దాపున శివరామపురమున 1922లో పుట్టి, మృదంగ విద్వాంసుడైన తండ్రి సన్యాసిరాజుగారి చేతి లయ వినుచు పెరిగి, పదమూడేండ్లకే 1935లో ‘శ్రీకృష్ణలీలలు’ చిత్రమున కృష్ణుడై పాడి, పిమ్మట కలకత్తా చేరి పంకజ్ మల్లిక్, సైగల్ ప్రభృతుల గానమును దగ్గరగా విని వచ్చిన సాలూరి రాజేశ్వరరావుగారు, బాలసరస్వతీదేవిగారితో కలిసియు విడిగాను గ్రామఫోను రికార్డులకు పాడిన లలితగీతములు ఆనాటి యువకులకు కలలే. తుమ్మెదలు, కోకిలలు, యమునాతీరము, అలిగిన రాధ. ఎవరినో పిలుచుచున్నట్లుండు గొంతు. ఎదుట సభ ఉన్నదని గాక, ఒక్కరి చెవిలో చెప్పుచున్నట్లుండు పాట.

అంతవరకు మనవారెరిగిన గానము వేరు. అజ్జాడలో పుట్టిన ఆదిభట్ల నారాయణదాసుగారు హరికథకు నిలిచిన కాలమున మైక్రోఫోను లేదు. కాలి గజ్జె, చేతి చిడతలు, నాభినుండి లేచిన కంఠము, అంతే. వేలజనములో చివరి వరుసవానికి వినబడనిచో అది పాటయే కాదు. నాటకములలో హార్మోనియము ప్రక్కన నిలిచి పద్యము పాడు నటుని ధర్మమును అదే. మైక్రోఫోను వచ్చి నిట్టూర్పును గూడ లక్కపళ్లెరమునకు ఎక్కింపగలిగిన తరువాతనే మెల్లగా పాడుట ఒక విద్య యైనది. రాజేశ్వరరావుగారు ఆ విద్యను తెలుగునేలపై అందరికంటె ముందుగా గ్రహించినవారిలో ఒకరని నా నమ్మకము. పెద్దలకు మాత్రము అది గొంతు చాలనివారి యుపాయముగా తోచినది.

మా పెదనాన్నగారికి కీ ఇచ్చి త్రిప్పు గ్రామఫోను ఉండెడిది. పది అంగుళముల రికార్డు, నిమిషమునకు 78 చుట్లు, ఒక ప్రక్కకు మూడు నిమిషములకు మించని పాట. ప్రక్క మార్చినపుడెల్ల ముల్లు మార్చవలెను, అరిగిన ముళ్లు వేయుటకు తగరపు డబ్బీ ఒకటి. సాయంకాలము దీపము పెట్టువేళకు ఇద్దరు వచ్చెడివారు. ఒకరు మా పినతాతగారు. ద్వారం వెంకటస్వామినాయుడుగారి వయొలిను వినుటకై రైలెక్కి విజయనగరము పోయి, అర్ధరాత్రి బండికి తిరిగివచ్చి, మరునాడు పొలములో అక్కడ విన్న కల్యాణినే కూనిరాగము తీయుచు తిరుగు మనిషి. ఇంకొకరు మా తెలుగు మాస్టారు. కృష్ణశాస్త్రిగారి ‘కృష్ణపక్షము’ ఆమూలాగ్రము కంఠస్థము. “ఇదేటి పాటయ్యా, మంచు పట్టినట్టు! రాగం ఎక్కడా నిలవదు, గమకం ఎక్కడా తేలదు,” అనువారు పినతాతగారు. “మంచు పడితే కొండ లేకపోయిందా బాబూ?” అని మాస్టారు. ఇట్లు ఎన్ని సాయంకాలములు గడచినవో లెక్కలేదు.

ఒకనాడు మాస్టారు ఉన్నట్లుండి ముల్లు ఎత్తివేసి, లోపల చేటతో బియ్యము చెరుగుచున్న మా పెద్దమ్మను, “అమ్మా, ఇప్పుడు పాడిన ఆ పాట మీరు పాడండి,” అని అడిగినారు. పెద్దమ్మకు చదువు లేదు; సంగీతము లేదు; రోజును వినుటయే. చెరుగుట ఆపకుండ, చేట చప్పుడే తాళముగా, ఆ మూడు నిమిషముల పాటను ఆద్యంతము పాడినది. సితారు లేదు, వేణువు లేదు, లక్కరికార్డు గరగర లేదు. వరుస చెదరలేదు. రెండవ చరణమున ఒక మాటను ఆమె తప్పుగా విని, సంవత్సరములతరబడి తప్పుగానే పాడుచున్నదని మాకు ఆనాడు తెలిసినది. ఆ తప్పు మాట కూడ వరుసలో ఒదిగి అర్థమున్నట్లే పలికినది. పినతాతగారి కుడిచేయి ఆయన ఎరుగకయే తొడపై పడుచు లేచుచున్నది. పాట ముగిసిన తరువాత మాస్టారు మరియొక రికార్డు, ఆ యేడు ఊరంతయు మారుమ్రోగిన పాటను పాడుమనిరి. పెద్దమ్మ పల్లవి పాడి, “తరవాత బాజాలే కదా బాబూ,” అని ఆగిపోయినది.

నాకు తెలిసిన పరీక్ష అదొక్కటే. పాటపై కప్పిన మంచును తొలగించి, ఒట్టి గొంతుతో పాడి చూడుము. వరుస నిలిచినచో ఆ మంచు దానికి అలంకారము. నిలువనిచో మంచే పాట యైనదన్నమాట. కలవంటిదని మెచ్చుకొన్న పిల్లయు, అదే కారణమున తిట్టిన పిల్లయు, ఇద్దరును మంచునే చూచి మాటాడిరి.

ఇక ఒక్కొక్క ఆక్షేపణ. పాటలన్నియు ఒక్క తీరున ఉన్నవనుట తేలికగా కొట్టివేయదగినది కాదు. నాకును తొలినాడు అట్లే తోచినది. నడక, వాద్యముల రంగు, గొంతు ఎక్కు ఎత్తు, పాటనుండి పాటకు ఎక్కువ మారవు. కాని మూడవనాటికి ‘నార్వే’ అను పాటలో గిటారు స్వరము నిలువక, అలపై పడవవలె జారి మరల తన చోటికి వచ్చుట వింటిని. నీ గురువు నీచేత నెలలతరబడి సాధన చేయించు ఆ కంపితమునకు అది దూరపు చుట్టమే. అతడు వేలితో గాక యంత్రముతో చేసి యుండవచ్చును. చెవికి అందునది మాత్రము స్వరపు కదలిక. మొదటి సగము పాటలు పెద్దమ్మ పరీక్షకు నిలుచును. నడుమ ఒకటి రెండింట మాత్రము వరుస పలుచబడి, ప్రతిధ్వనియే భారము మోసినదని నా అభిప్రాయము. ఈ మాట అన్నియు ఒక్క తీరన్న పిల్లకు చెప్పుము. ఆమె చెవి మంచిదనియు, అయితే ఒక్కసారి విని తీర్పు చెప్పినదనియు కూడ చెప్పుము.

మాట తెలియదను పిల్లకు సమాధానము కొంచెము కఠినమైనది. ఆలాపనలో మాట లేదు, తిల్లానాలో ఉన్నది మాట కాదు, అయినను ఎవరును ఆక్షేపింపరు. స్కాట్లండు దేశపు కాక్టో ట్విన్స్ బృందమున ఎలిజబెత్ ఫ్రేజర్ అను గాయని తన భాషవారికే అర్థము కాని పలుకులతో పాడి ఎందరినో కదిలించినది. మీ బీచ్ హౌస్ వంటివారికి ఆమె పెద్దక్క వరుస. అది వారి త్రోవ. తెలుగు లలితగీతపు త్రోవ వేరు. అది కవి చేతిలో పుట్టినది. విజయనగరముననే పట్రాయని సీతారామశాస్త్రిగారి యొద్ద నేర్చి, మధూకరముతో కడుపు నింపుకొని చదివిన ఘంటసాలగారు కరుణశ్రీగారి ‘పుష్పవిలాపము’ పాడినపుడు, ఎంత ఆర్ద్రముగా పాడినను ఒక్క అక్షరము మింగలేదు. రేపు నీవు ఇటువంటి మెత్తని పాట ఒకటి తెలుగున కట్టదలచినచో, ఇంగ్లీషు పాట ఇచ్చిన స్వాతంత్ర్యమును నీ మాతృభాషపై వాడకుము. ఒత్తులు రాలిపోయిన తెలుగును నేను కలలో సైతము వినలేను.

మొదటి ఆల్బములే నిక్కమైనవను వాదము అన్నిటికంటె పాతది. రాజేశ్వరరావుగారు సినిమాలలో స్థిరపడినపుడు, గ్రామఫోను నాటి ఆ లేతదనము పోయినదని మా మాస్టారే వారమురోజులు దుఃఖించినారు. 1951లో ‘మల్లీశ్వరి’ వచ్చినది. చీపురుపల్లినుండి రైలులో పోయి చూచి వచ్చినారు. భానుమతిగారు పాడిన ఆ నిరీక్షణ గీతమును, రాక రాక వచ్చిన ప్రియుని చూచి పులకించిన ఆ పాటను విని, కృష్ణశాస్త్రిగారి మాటకు రాజేశ్వరరావుగారి వరుస ఎట్లు ఒదిగినదో చెప్పబోయి, అరుగుమీద కూర్చున్నవారు కాస్త లేచి, మా అందరియెదుట మరల కూర్చుండి, ఏమియు చెప్పలేకపోయిరి. లేతదనము పోలేదు, దానికి వాద్యబృందము తోడైనది, చేయి తిరిగినది, అంతే. చర్చిలో పాడినంతమాత్రమున మీ జంట అబద్ధమాడినదని ఆ పిల్ల ఎట్లు రుజువు చేయును? ఇరుకుగదిలో ముద్రించిన పాటలో పేదరికము వినబడును. నిజాయితీ వినబడుటకు వేరొక గురుతు వెదకవలెను.

నీ వయొలిను సంగతి. ఈ పాటలలో ఒకదానిని, నీకు నచ్చినదానిని, ఇయర్‌ఫోను పెట్టె లోపల దాచి, కమానుతో వాయించుటకు ప్రయత్నింపుము. స్వరములు వ్రాసికొనకుము, చెవితో పట్టుము. ఎక్కడ చేయి తడబడునో అక్కడ ఆగి, తడబాటు నీదా, పాటదా అని చూడుము. నీ గురువుగారు కోపగింతురని భయపడుచున్నచో ఈ సాధన ఇక్కడనే చేయుము.

వచ్చే ఆదివారము ప్యాసింజరు బండికి రమ్ము. వచ్చునపుడు తగవుపడిన ఆ నలుగురినీ తోడ్కొని రమ్ము. నాయనమ్మ వారికి అన్నము వండి పెట్టును. పెదనాన్నగారి గ్రామఫోను మరమ్మతు చేయించితిని. పెద్దమ్మ పాడిన ఆ పాట రికార్డు ఇంకను ఉన్నది గాని అంచు విరిగినది. మొదటి చుట్లు కొన్ని పోయినవి. పల్లవి సగమునుండి మొదలగును. ఆ పోయిన సగమును నేను పాడెదను; అక్కడినుండి రాజేశ్వరరావుగారు అందుకొందురు.

ఇట్లు
మీ తాతయ్య.