కడుపు మాడ్చకుండా కొవ్వు తగ్గించాలి

పెరట్లో కోళ్ళు, మేకలు పెంచినట్టే కొందరు కుందేళ్ళు కూడా పెంచుతారు. కుందేలుకు చోటు ఎక్కువ అక్కర్లేదు. గడ్డి తిని బతుకుతుంది. కడుపుతో ఉన్న కుందేలు సుమారు 31 రోజులకే పిల్లల్ని పెడుతుంది. అందుకే పొదుపు సంఘంలో అప్పు తీసుకుని కుందేళ్ళు కొనుక్కునే ఆడవాళ్ళున్నారు.

కుందేలు బాగా బలిస్తే మంచిదే కదా అని చాలామంది అనుకుంటారు. కాదు. అతిగా బలిస్తే దానికీ కష్టమే, పెంచేవాళ్ళకీ నష్టమే.

ఒక ఇంట్లో జరిగిన సంగతి చదవండి.

ఆ ఇంటి కోడలు సంఘంలో అప్పు చేసి మూడు ఆడ కుందేళ్ళను, ఒక మగ కుందేలును కొన్నది. రెండు ఆడవి పిల్లల్ని పెట్టాయి. మూడోది తెల్లగా, బొద్దుగా ముద్దొచ్చేట్టు ఉండేది. దాన్ని రెండుసార్లు మగ కుందేలు దగ్గర వదిలినా కడుపు నిలవలేదు. నెల నెలా వాయిదా మాత్రం కట్టాలి.

"దానికి కొవ్వెక్కింది. మూడు రోజులు పస్తు పెట్టవే అమ్మాయ్! అదే దారికొస్తుంది" అన్నది అత్త.

"ఎందుకది దండగ! కోసుకు తినండి" అన్నది పక్కింటావిడ.

కోడలికి మనసొప్పలేదు. కుందేలును బుట్టలో పెట్టుకుని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

డాక్టరమ్మ ఏం చెప్పింది?

డాక్టరమ్మ ముందు కుందేలు పొట్ట తడిమి చూసింది. కడుపుతో లేదని తేల్చుకున్నది. కడుపుతో ఉన్నదానికి మేత తగ్గించకూడదు. తర్వాత పక్కటెముకల మీద చెయ్యి వేసింది.

"మీరూ చెయ్యి వేసి చూడండమ్మా. పలచని గుడ్డ కింద పుల్లలు తగిలినట్టు ఎముకలు తగలాలి. దీనికి గట్టిగా నొక్కితేగాని తగలడం లేదు. అంటే కొవ్వు పట్టింది. ఒక్కోదానికి పొట్ట మాత్రమే లావుగా ఉంటుంది, వీపు ఎముక పొడుచుకొచ్చి ఉంటుంది. అది కొవ్వు కాదు, జబ్బు. వెంటనే చూపించాలి. ఆడ కుందేలుకు గొంతు కింద మడత ఉండటం మామూలే. ఆ మడత చూసి లావనుకోకూడదు" అన్నది.

"కొవ్వు పడితే ఏమవుతుంది డాక్టరు గారూ?" అని అడిగింది కోడలు.

"కడుపు సరిగా నిలవదు. నిలిచినా కాన్పు కష్టమవుతుంది. ఎండాకాలం కుందేలుకు మనలాగా చెమట పట్టదు. చెవుల నుంచే చాలా వేడి బయటికి పోతుంది. లావైనది ఎండకు తొందరగా పడిపోతుంది. ఇంకొకటి చెప్తాను. కుందేలు రెండు రకాల పెంటికలు వేస్తుంది. గట్టివి బయట పడతాయి. మెత్తవాటిని వెనక్కి వంగి నోటితో అందుకుని తింటుంది. అది దాని బలం కోసమే, రోగం కాదు. లావైతే అంతగా వంగలేదు. ఆ మెత్తనిది వెనక అంటుకుంటుంది. ఈగలు వాలి పురుగులు పడతాయి."

"మా అత్తయ్య పస్తు పెట్టమన్నది."

"అమ్మో, ఆ పని చెయ్యొద్దు! కుందేలు పేగు ఎప్పుడూ కదులుతూ ఉండాలి. మేత లోపలికి పోకపోతే పేగు ఆగిపోతుంది. పొట్ట ఉబ్బుతుంది. లావైన కుందేలు తిండి మానేస్తే ఒంట్లో కొవ్వంతా కరిగి కాలేయానికి పట్టేస్తుంది. ప్రాణం పోతుంది. సగం రోజు ఏమీ తినకపోయినా, పెంటికలు వెయ్యకపోయినా ఆలస్యం చెయ్యకుండా తీసుకురావాలి."

ఏం మానాలి? ఏం పెట్టాలి?

ఆ కుందేలు రోజుకు 200 గ్రాముల దాణా తింటున్నది. పైగా మిగిలిన అన్నం, బిస్కెట్లు, అరటిపండు. గడ్డి మాత్రం తక్కువ. గూట్లోంచి బయటికి వదలడం లేదు. కొవ్వు పట్టదా మరి!

డాక్టరమ్మ ఇలా చెయ్యమన్నది.

అన్నం, బిస్కెట్లు, బెల్లం, పండ్లు మానాలి. దాణా ఒక్కసారే తగ్గించకూడదు. అయిదు రోజులకొకసారి 20 గ్రాములు తగ్గించాలి. 100 గ్రాములకు వచ్చాక ఆపాలి. ఎండుగడ్డి రాత్రీ పగలూ గూట్లో ఉండాలి. వరిగడ్డి ఒక్కటే చాలదు. గరిక, పచ్చగడ్డి కొంచెం కొంచెంగా పెంచుతూ వెయ్యాలి. ఒక్కసారిగా వేస్తే పారుకుంటుంది. తడి గడ్డి నీడలో ఆరబెట్టి వెయ్యాలి. కుందేలు పళ్ళు జీవితమంతా పెరుగుతూనే ఉంటాయి. గడ్డి నమిలితేనే అవి అరుగుతాయి. మంచినీళ్ళు ఎప్పుడూ ఉండాలి.

పొద్దున, సాయంత్రం చల్లని వేళ దడి లోపల గంటసేపు వదలాలి. కుక్క, పిల్లి రాకుండా చూడాలి. తరమకూడదు. బెదిరితే దానికి ప్రమాదం. చెవులు పట్టుకుని ఎత్తకూడదు. ఒక చెయ్యి రొమ్ము కింద, ఒక చెయ్యి వెనక కాళ్ళ కింద పెట్టి ఎత్తాలి.

కాటా, కాగితం

"వారానికొకసారి తూచి రాసుకోండి. వారానికి 50 నుంచి 100 గ్రాములు తగ్గితే చాలు. అంతకన్నా ఎక్కువ తగ్గితే నాకు చెప్పండి" అన్నది డాక్టరమ్మ.

కోడలు కుందేలును బుట్టలో పెట్టి పచారీ కొట్లో తూచింది. 6 కిలోలు వచ్చింది. ఖాళీ బుట్ట 1 కిలో. అంటే కుందేలు 5 కిలోలు. ఈ కుందేలు 4 కిలోల 200 గ్రాములుంటే సరిపోతుందని డాక్టరమ్మ చెప్పింది.

కోడలు రాత్రి బడిలో అక్షరాలు, అంకెలు నేర్చుకున్నది. ఆ చదువు ఇప్పుడు పనికొచ్చింది. కాగితం మీద ఇలా రాసింది:

మొదటి రోజు – 5 కిలోలు
2 వారాలకు – 4 కిలోల 880 గ్రాములు
4 వారాలకు – 4 కిలోల 740 గ్రాములు
5 వారాలకు – 4 కిలోల 740 గ్రాములు

అయిదో వారం అంకె మారలేదు. ఎందుకు? మేత సరిగానే కొలిచి పెడుతున్నది. మరి ఎక్కడ పొరపాటు? మర్నాడు కనిపెట్టి చూసింది. అత్త కొంగు చాటు నుంచి అరటిపండు ముక్క తీసి కుందేలుకు పెడుతున్నది.

"నోరులేని జీవం. అట్లా చూస్తుంటే పెట్టకుండా ఎట్లా ఉంటానే?" అన్నది అత్త.

కోడలు కోప్పడలేదు. కాగితం చూపించింది. అంకెలు చదివి వినిపించింది. "మీ చేత్తోనే పెట్టండి అత్తయ్యా. పండుకు బదులు గరిక పెట్టండి" అన్నది.

అప్పటి నుంచి సాయంత్రం గట్టు మీద గరిక కోసుకొచ్చే పని అత్తదే అయింది. అంకె మళ్ళీ కదిలింది. 12 వారాలకు కుందేలు 4 కిలోల 200 గ్రాములకు వచ్చింది. డాక్టరమ్మ చూసి, ఇక మగ కుందేలు దగ్గర వదలొచ్చన్నది. ఈసారి కడుపు నిలిచింది. 31వ రోజున ఆరు పిల్లల్ని పెట్టింది. పాలిచ్చే తల్లికి మేత ఎక్కువ కావాలి. డాక్టరమ్మ చెప్పిన ప్రకారం కోడలు దాణా మళ్ళీ పెంచింది.

గుర్తుంచుకోండి

1. కుందేలును ఎప్పుడూ పస్తు పెట్టకండి.
2. దాణా మెల్లగా తగ్గించండి. గడ్డి ఎప్పుడూ ఉంచండి.
3. కడుపుతో ఉన్నదానికి, పాలిచ్చేదానికి మేత తగ్గించకండి.
4. వారం వారం తూచి రాసుకోండి.
5. ఇంట్లో అందరికీ చెప్పండి. ఒకరు తగ్గిస్తుంటే ఒకరు పెడితే లాభం లేదు.
6. తిండి మానేస్తే వెంటనే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో పశువైద్య సాయం కోసం 1962 నెంబరుకు ఫోను చెయ్యొచ్చు.

లెక్క చేయండి

1. 12 వారాల్లో కుందేలు మొత్తం ఎన్ని గ్రాములు తగ్గింది?
2. దాణా 200 గ్రాముల నుంచి 100 గ్రాములకు రావాలి. ఒక్కోసారి 20 గ్రాములు తగ్గిస్తే ఎన్నిసార్లు తగ్గించాలి?

మాట్లాడుకోండి

1. కాగితం మీద రాసుకోకపోతే అయిదో వారం సంగతి తెలిసేదా?
2. మీ ఇంట్లో ఏ జీవాన్ని పెంచుతున్నారు? దానికి ఎవరెవరు ఏం పెడుతున్నారు? ఒక వారం రాసి చూడండి.