తంజావూరు: పెద్ద గుడి దాటి చూడవలసినవి

 

నేను తంజావూరులో ఒక బ్యాంకులో గుమాస్తాగా చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. చుట్టాలు ఎవరొచ్చినా పెద్ద గుడి చూపించి బస్సెక్కించేవాణ్ణి. రాజరాజ చోళుడు 1010లో పూర్తిచేసిన ఆ బృహదీశ్వరాలయం తప్పక చూడవలసినదే. కాని ఊరంటే అదొక్కటే అనుకోవడం నా పొరపాటు. మీరు ఒక రోజు కేటాయించుకుని ఈ వరుసలో చూడండి.

1. గుడి ఆవరణలోనే సుబ్రహ్మణ్యస్వామి సన్నిధి ఉంది. అది చోళుల నాటిది కాదు, తెలుగు నాయక రాజుల కాలపు పని. రాతిని కొయ్యలాగా సన్నగా చెక్కారు. ప్రాకారం గోడ మీద భోంస్లే రాజుల చరిత్ర మరాఠీలో ఉంటుంది. దాన్ని 1803లో రెండవ శరభోజి చెక్కించాడు.

2. గుడి పక్కనే శివగంగ తోట. అందులో 1779 నాటి ష్వార్ట్జ్ చర్చి ఉంది. మరణశయ్య మీద ఉన్న గురువు ష్వార్ట్జ్‌ను శిష్యుడు శరభోజి చూడవచ్చిన దృశ్యాన్ని ఫ్లాక్స్‌మన్ అనే శిల్పి పాలరాతిలో మలిచాడు. విద్యార్థులు తప్పక చూడాలి.

3. తరువాత రాజభవనంలోని సరస్వతీ మహల్ గ్రంథాలయం. నాయక రాజుల కాలం నుంచి వస్తున్న ఈ భాండాగారాన్ని శరభోజి ఎంతో పెంచాడు. సంస్కృతం, తమిళం, మరాఠీలతో పాటు తెలుగు తాళపత్రాలూ ఉన్నాయి. రఘునాథ నాయకుడు స్వయంగా తెలుగు కవి. 'విజయవిలాసము' రాసిన చేమకూర వేంకటకవి ఆయన ఆస్థానంలోని వాడే. నాయకుల పాలన 1673లో ముగిసినా తెలుగు ఆగలేదు. మరాఠా రాజు షాహాజీ కూడా తెలుగులో యక్షగానాలు రాశాడు.

4. చివరగా కోట తూర్పు వాకిలి దగ్గర బీరంగి మేడు. అక్కడి రాజగోపాల ఫిరంగి సుమారు 25 అడుగుల పొడవు. పోతపోసింది కాదు, ఇనుమును కాల్చి అతికి చేసింది. రఘునాథుని కాలపుదంటారు.

ఇక నా సంగతి. రిటైరయ్యాక మనవరాలిని సరస్వతీ మహల్‌కు తీసుకెళ్లాను. అక్కడ అమ్మకానికి పెట్టిన తెలుగు యక్షగానం పుస్తకం ఒకటి తీసి, "తాతయ్యా, చదివి చెప్పు" అంది. ఇంట్లో తెలుగే మాట్లాడతాం. కాని నేను చదివింది తమిళ బడి. మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయాను. తాళపత్రం చదవడం పండితుల పని, ఒప్పుకుంటాను. అచ్చు పుస్తకం కూడా చదవలేకపోతే ఎలా? జీవితమంతా ఊరివాళ్ల ఖాతాలు సరిచూసినవాణ్ణి, నా సొంత ఖాతాలో ఇంత బాకీ ఉందని అప్పుడే తెలిసింది.

ఆ పుస్తకం కొన్నాను. ఇద్దరం ఒకే పలక మీద 'అ ఆ'లు దిద్దాం. రోజుకు అరగంట. ఆరు నెలలకు మొదటి పుట చదివాం. ఆమె నాకంటే ముందే చదివేసింది.

తల్లిదండ్రులారా, స్కాలర్‌షిప్పు ఫీజు కడుతుంది. అక్షరాలు ఇంట్లో మీరే నేర్పాలి. మీకు రాకపోతే పిల్లలతో కలిసి నేర్చుకోండి.

అభ్యాసం: మీ ఊళ్లో పెద్ద గుడి కాక చూడదగిన పాత కట్టడం ఒకటి వెతికి, దాన్ని గురించి పది వాక్యాలు తెలుగులో రాయండి. తప్పులున్నా ఫరవాలేదు.