బోరు ఎండినదా? పంపు చెడినదా?

గ్రామములో చేతిపంపు నీరు పోయుట మానగానే “బోరు ఎండినది” అను మాట పుట్టును. ఆ మాటనే నమ్మి క్రొత్త బోరు వేయింప తీర్మానించిన పంచాయతీ, ఒక్కొక్కప్పుడు ఒక చిన్న వాషరు మార్చుటకు బదులు వేలకొలది రూపాయలను రాతిలో పోసినట్లగును. కావున తీర్మానమునకు ముందు పరీక్ష అవసరము.

జహీరాబాదు ప్రాంతమున పలుచోట్ల పైన ఎర్రని జేగురురాయి, దాని క్రింద నల్లరాయి కలవు. రాతి పగుళ్లలో నిలిచిన నీరే ఇచ్చటి బోరుబావులకు ఆధారము. ఇట్టి రాతిసీమల కొరకే 1970 తరువాతి దశకమున, షోలాపూరు పంపును ఆధారముగా గొని, యునిసెఫ్ సహకారముతో ఇండియా మార్క్-2 చేతిపంపు రూపొందింపబడినది. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకము వలన ఇండ్లకు కుళాయిలు వచ్చినను, పైపు పగిలిననాడు, కరెంటు లేనినాడు ఊరివారు బిందెలతో చేరునది బోరింగు చెంతకే.

ముందుగా పంపు పనిచేయు తీరు తెలిసికొందము. పిడికి గొలుసు, గొలుసుకు ఇనుప కడ్డీలు, కడ్డీల చివర నీటిలో మునిగియున్న సిలిండరులో ముషలకము ఉండును. పిడిని క్రిందికి నొక్కినప్పుడు ముషలకము పైకి లేచి నీటిని ఎత్తును. అప్పుడే సిలిండరు అడుగు కవాటము తెరచుకొని క్రొత్తనీరు లోనికి వచ్చును. పిడిని ఎత్తినప్పుడు అడుగు కవాటము మూసికొని, పైపులోని నీటిని జారిపోనీయక నిలుపును.

మొదటి పరీక్ష: నీరు వచ్చువరకు కొట్టి, పంపును అరగంటసేపు ఎవ్వరును ముట్టకుండ చూడవలెను. పిదప మరల కొట్టి, ఎన్ని ఊపులకు నీరు వచ్చినదో లెక్కింపవలెను. ఊపులు 5కు మించినచో అడుగు కవాటమో, పైపుల అతుకులో కారుచున్నవని గ్రహింపవలెను.

రెండవ పరీక్ష: ధార కట్టిన పిదప ఒక నిమిషములో 40 నిండు ఊపులు కొట్టి, పడిన నీటిని కొలవవలెను. మొదటి పరీక్షలో దోషము లేకయే, ఈ నీరు 10 లీటర్లకు తగ్గినచో ముషలకపు వాషర్లు అరిగియుండును.

మరికొన్ని గుర్తులు కూడ కలవు. పిడి బరువు లేక తేలికగా ఆడుచు చుక్కనీరు రానిచో, కడ్డీ ఊడినదో విరిగినదో అయియుండును. పిడి ప్రక్కలకు ఊగినచో ఇరుసు నట్టు వదులైనది, లేదా బేరింగు అరిగినది. గొలుసు కిర్రుమన్నచో గ్రీజు కావలెను.

నీరు నిజముగా తగ్గినప్పటి లక్షణము వేరు. మొదట నిండుధార వచ్చి, కొంతసేపటికి గాలితో కలిసి బుసబుసలాడి ఆగిపోవును. కొంత విశ్రాంతి ఇచ్చినచో మరల వచ్చును. ఇది ఊట చాలకపోవుట. సందేహము తీరనిచో, మెకానిక్కు పంపు పైభాగమును విప్పినప్పుడు తాడుకు బరువు కట్టి దింపించి నీటిమట్టమును కొలిపింపవలెను. మట్టము సిలిండరుకు పైననున్నచో బోరులో నీరున్నది, దోషము పంపుదే. మట్టము సిలిండరుకు దిగువనున్నను నిరాశ పడనక్కరలేదు. బోరు లోతు అనుమతించినచో పైపులు చేర్చి సిలిండరును ఇంకను క్రిందికి దింపవచ్చును. అదియు సాధ్యము కానప్పుడే క్రొత్తబోరు మాట ఆలోచింపదగును.

లోపలి భాగములను విప్పి బిగించిన తరువాత బ్లీచింగుపొడి ద్రావణముతో బోరును శుద్ధిచేయించి, దాని వాసన పోవువరకు నీటిని తోడి పారబోయింపవలెను. అంతవరకు ఆ నీరు త్రాగరాదు.

1993లో అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ, పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో త్రాగునీటిని చేర్చినది. కావున ప్రతి బోరింగునకు ఒక పుస్తకము తెరచి, బోరు లోతును, దింపిన పైపుల సంఖ్యను, నెలకొకసారి జరిపిన రెండు పరీక్షల ఫలితములను వ్రాయించుట మంచిది. ఊపుల లెక్క నెలనెలకు పెరుగుచున్నదని ఆ పుస్తకము చూపినచో, వేసవి రాకముందే మెకానిక్కును పిలిపింపవచ్చును.