మరల వచ్చునా?



మన తరగతిలోని ఒక బాలుడు డెంగీ జ్వరముతో పది దినములు బడికి రాలేదు. తిరిగి వచ్చిన నాడు అతడు నన్నిట్లు అడిగెను: "టీచరుగారూ, నాకొకసారి వచ్చి పోయినది గదా, ఇక రాదు గదా?" దీనికి ఒక్క మాటలో బదులు చెప్పవచ్చును గాని, ఆ బదులు అర్థము కావలెనన్న ముందు కొన్ని పదములు నేర్చుకొనవలెను.

కంటికి కనబడనంత చిన్న జీవులను సూక్ష్మజీవులందురు. వీటిలో చాలవరకు మనకు హాని చేయవు. పాలను పెరుగుగా మార్చునది బాక్టీరియాయే. ఇడ్లీ పిండి పులియుటకును సూక్ష్మజీవులే కారణము. హాని చేయు సూక్ష్మజీవి శరీరములో ప్రవేశించి వృద్ధి పొందుటను సంక్రమణము అందురు.

బాక్టీరియా ఒకే కణము గల జీవి. వైరస్ అంతకంటె మిక్కిలి చిన్నది. మరొక జీవి కణములో చొరబడిన గాని అది వృద్ధి పొందలేదు. యాంటీబయాటిక్ మందులు బాక్టీరియాపై పనిచేయును, వైరస్‌పై పనిచేయవు. కనుక జలుబు చేసినప్పుడెల్ల ఆ మాత్రలిమ్మని వైద్యుని అడుగుట తగదు. (1948లో వెలువడిన ఆరియోమైసిన్ అను యాంటీబయాటిక్, భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు పరిశోధనలకు అధిపతిగా ఉన్న అమెరికా సంస్థలోనే కనుగొనబడినది. ఆ పేరు మీరు గుర్తుంచుకొనవలెనని నా కోరిక.)

పేరాక్ రాష్ట్రములోని రబ్బరు తోటలో మా అవ్వ కాలమున చలిజ్వరము ఎక్కువ. చిత్తడినేల గాలి వలన అది వచ్చునని ఆమె నమ్మెడిది. అవ్వను చూచి నవ్వవలదు. మలేరియా అను ఇటలీ మాటకే "చెడుగాలి" అని అర్థము. 1897లో సికిందరాబాదున రోనాల్డ్ రాస్ అను వైద్యుడు దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొనెను. ఇట్లు రోగమును ఒకరినుండి మరొకరికి చేర్చు ప్రాణిని వాహకము అందురు. మలేరియాకు వాహకము అనాఫిలిస్ దోమ; డెంగీకి ఏడిస్ దోమ.

వైరస్ ప్రవేశించినప్పుడు మన తెల్ల రక్తకణములు దాని పైనున్న గుర్తును పట్టుకొనును. ఆ గుర్తు పేరు ప్రతిజనకము. దానికి తాళపుచెవి వలె సరిపడు ప్రతిరక్షకములను అవి తయారుచేయును. రోగము తగ్గిన పిమ్మట కొన్ని జ్ఞాపక కణములు మిగిలియుండి, అదే శత్రువు మరల వచ్చిన వెంటనే గుర్తుపట్టును. ఈ రక్షణ పేరే రోగనిరోధక శక్తి. టీకా కూడ రోగము రాకుండగనే ఆ గుర్తును శరీరమునకు నేర్పును. మన పెద్దలు అమ్మవారని భయపడిన మశూచి టీకా వలననే నశించినదని 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించినది.

ఇక ఆ బాలుని ప్రశ్న. మరల రావచ్చును. డెంగీ వైరస్‌లో నాలుగు రకములున్నవి. ఒక రకము వచ్చిపోయిన వానికి అదే రకమునుండి చిరకాల రక్షణ కలుగును. తక్కిన మూడింటినుండి కొన్ని నెలల రక్షణయే. పైగా రెండవసారి వేరొక రకము సోకినచో, పాత ప్రతిరక్షకములు దానిని పట్టుకొనును గాని చంపలేవు. అట్లు పట్టుబడిన వైరస్ కణములలోనికి మరింత సులభముగా చొరబడును. అందువలన రెండవ డెంగీ మొదటిదానికంటె ప్రమాదకరము కావచ్చును.

నా తమ్మునికి అట్లే రెండవసారి వచ్చినది. నాల్గవ దినమున జ్వరము తగ్గెను, మేమందరము సంతోషించితిమి. ఆ సాయంకాలమే కడుపునొప్పి, వాంతులు మొదలై, చిగుళ్ళనుండి రక్తము కారెను. డెంగీలో జ్వరము తగ్గు సమయమే మిక్కిలి జాగ్రత్తగా ఉండవలసిన సమయమని ఆనాడు మాకు తెలియదు. ఆ రాత్రియే ఆసుపత్రికి చేర్చినందున అతడు బ్రతికెను.

ఏడిస్ దోమ గ్రుడ్డు దోమగా మారుటకు సుమారు ఏడు నుండి పది దినములు పట్టును. ఎండిన పాత్ర గోడకు అంటుకొన్న గ్రుడ్లు నెలల తరబడి బ్రతికియుండగలవు. కనుక నీరు పారబోసిన చాలదు, పాత్ర లోపల రుద్ది కడుగవలెను.

అభ్యాసము

1. మీ ఇంటి చుట్టును నీరు నిలుచు చోట్లు ఎన్ని? పూలకుండీల పళ్ళెములను కూడ లెక్కించి వ్రాయుడు.
2. మలేరియా, డెంగీ: వీటిలో వైరస్ వలన కలుగునది ఏది?
3. ఆ బాలునికి మీరైనచో ఏమని బదులు చెప్పెదరు? ఐదు వాక్యములలో వ్రాయుడు.