దిగబడిన బండికి విద్యుత్ వించ్ మేలా? హైడ్రాలిక్ వించ్ మేలా?



వానకాలములో రేగడి డొంకలయందును, దమ్ము చేయు మాగాణులయందును ట్రాక్టరుగాని జీపుగాని దిగబడుట మీకు తెలియనిది కాదు. అట్టి సమయమున కొందరు మరొక ట్రాక్టరును తెచ్చి, గొలుసును వెనుక ఇరుసుకో, టాప్ లింకుకో ఎత్తున కట్టి లాగించుచుందురు. మరికొందరు దిగబడిన ట్రాక్టరు పెద్ద చక్రములకు అడ్డముగా దుంగను కట్టి నడుపుచుందురు. ఈ రెండు పద్ధతులును ప్రాణాంతకములు. చక్రములు తిరుగుటకు వీలు లేనప్పుడు ఇంజను బలము ట్రాక్టరు ముందు భాగమును పైకి లేపును. ఒకటి రెండు సెకనులలోనే అది వెనుకకు తిరగబడి తోలువానిపై పడవచ్చును. క్లచ్ తొక్కుటకు కూడ వ్యవధి యుండదు.

ఇంతకంటె క్షేమమైన సాధనము వించ్. ఇది తాడును డ్రమ్ముపై మెల్లగా చుట్టుకొనుచు బరువును లాగు యంత్రము. బ్యాటరీతో నడచునది విద్యుత్ వించ్; చమురు ఒత్తిడితో నడచునది హైడ్రాలిక్ వించ్. ఈ రెండింటిలో ఏది గొప్పది అని అడుగుటకు ముందు, “నా బండిలో ఏ శక్తి సిద్ధముగా ఉన్నది? ఎంతసేపు లాగవలసి యుండును?” అని ఆలోచింపవలెను.

విద్యుత్ వించ్

సుమారు 4,300 కిలోల బరువు లాగు వించ్‌పై 9,500 పౌండ్లు అని వ్రాసి యుండును. ఇట్టిది 12 వోల్టుల బ్యాటరీ నుండి, పూర్తి బరువు పడినప్పుడు, 400 ఆంపియర్ల వరకు తీసికొనును. అనగా 4,800 వాట్లు, సుమారు ఆరున్నర అశ్వశక్తి. బండిలోని ఆల్టర్నేటరు ఇచ్చునది ఇందులో కొద్ది భాగమే. తక్కినదంతయు బ్యాటరీ నుండియే రావలెను. కావున ఒక నిమిషము లాగి, మోటారు చల్లారువరకు ఆపి, తిరిగి లాగవలెను. ఆపక లాగినచో మోటారు కాలిపోవును, బ్యాటరీ దిగిపోవును.

దీనిని బిగించుట సులభము. ఇంజను ఆగిపోయినను బ్యాటరీలో సత్తువ ఉన్నంతవరకు కొద్దిసేపు పని చేయును. వాగు దాటునప్పుడు నీరు చేరి ఇంజను ఆగిన జీపుకు ఇది గొప్ప మేలు.

హైడ్రాలిక్ వించ్

ఇంజనుతో తిరుగు పంపు చమురును ఒత్తిడితో పంపగా వించ్ మోటారు తిరుగును. ఉదాహరణకు, నిమిషమునకు 30 లీటర్ల చమురును 150 బార్ల ఒత్తిడితో ఇచ్చు పంపు నుండి లెక్క ప్రకారము 7.5 కిలోవాట్లు, అనగా సుమారు 10 అశ్వశక్తి లభించును. దారిలో నష్టమగు దానివలన వించ్‌కు చేరునది కొంత తగ్గును. ఇంజను తిరుగుచు, చమురు మితిమీరి వేడెక్కకుండ నున్నంతవరకు చాలసేపు లాగవచ్చును. కాని ఇంజను ఆగినచో వించ్ కూడ ఆగిపోవును. గొట్టములను, బిగింపులను, చమురు శుభ్రతను సదా గమనింపవలెను.

ట్రాక్టరుకు హైడ్రాలిక్ పంపు ముందే ఉన్నది. వెలుపలి పరికరములకు చమురు ఇచ్చు వాల్వు ఉన్నదో లేదో మాత్రము చూచుకొనవలెను. జీపులో స్టీరింగు పంపుతో నడుపవచ్చును గాని, అది ఇచ్చు చమురు తక్కువగుటచే పని మెల్లగా సాగును.

ఎంత బలము కావలెను?

బండి, అందలి సరకు కలిపిన బరువునకు ఒకటిన్నర రెట్లు లాగు వించ్‌ను కొనవలెను. 2,000 కిలోల బండికి 3,000 కిలోల వించ్ తగును. బురద చక్రముల లోతు వరకు ఉన్న, బండి బరువంత బలము కావలెను. మడ్‌గార్డు వరకు ఉన్న, దానికి రెండింతలు కావలెను. అట్టిచోట తాడును కప్పీ మీదుగా మరలించి కొక్కెమును తిరిగి వించ్ ఉన్న బండికే తగిలించిన, లాగు బలము సుమారు రెండింతలగును, వేగము సగమగును. ముందుగా చక్రముల చుట్టును బురద త్రవ్వి, ట్రాలీని విప్పి వేరుగా లాగుట మంచిది.

వించ్‌పై వ్రాసిన బలము డ్రమ్ముపై తాడు ఒక్క వరుస ఉన్నప్పటిది. వరుసలు పెరిగినకొలది బలము తగ్గును.

పాటింపవలసిన జాగ్రత్తలు

1. ఉక్కు తాడు డ్రమ్ముపై కనీసము ఐదు చుట్లు మిగిలియుండవలెను.

2. తాడుపై తడిపిన గోనెపట్ట వేయవలెను. తాడు తెగిన, కొరడావలె తిరిగివచ్చి మనిషిని చంపగలదు. కావున ఎవరును తాడును దాటరాదు, దాని సమీపమున నిలువరాదు.

3. ఆధారముగా బలమైన చెట్టు మొదట వెడల్పైన పట్టీ కట్టవలెను. విద్యుత్ స్తంభమునకు ఎన్నడును కట్టరాదు.

4. వించ్ ఉన్న బండికి బ్రేకు వేసి, చక్రములకు అడ్డు పెట్టవలెను. తాడు లాగుచోటు ఎంత క్రిందుగా ఉన్న అంత క్షేమము.

5. చమురు కారుచోటును చేతితో తడిమి చూడరాదు, అట్టముక్కతో చూడవలెను. సన్నని ధార చర్మములోనికి దూసుకొనిపోవును. గాయము చిన్నదిగా కనిపించినను వెంటనే ఆసుపత్రికి పోవలెను.

ముగింపు

జీపు, పికప్ బండి కలిగి, ఏడాదికి నాలుగైదుసార్లు మాత్రమే దిగబడువారికి విద్యుత్ వించ్ చాలును. ట్రాక్టరు కలిగి, దుంగలు లాగుట, తోటలలో మొద్దులు తీయుట వంటి పనులు గంటల తరబడి చేయువారికి హైడ్రాలిక్ వించ్ మేలు. ఏది కొనినను, గొలుసు కట్టి మరొక ట్రాక్టరుతో లాగించు అలవాటును మానుడు. పొలములో ఒక పూట పని ఆగిన మరునాడు చేసికొనవచ్చును. ప్రాణము పోయిన తిరిగి రాదు.