విభక్తుల దేశంలో ఉన్న మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి,

మొన్న నువ్వు పంపిన పట్టిక ఫొటో చూశాను. ఏడు విభక్తులు, మూడు లింగాలు, రెండు వచనాలు, ప్రతి గడిలోనూ ఒక కొత్త తోక. ఇదంతా బట్టీ పట్టాలా అత్తా అని అడిగావు. అక్కర్లేదురా. పోలిష్ వచ్చినవాళ్ళు సందేహం తీర్చుకోవడానికి చూసుకునే పట్టిక అది. రానివాళ్ళు దానితో మొదలుపెడితే నెల తిరక్కుండా పుస్తకం అటకెక్కుతుంది. నువ్వున్న వూచ్ నగరం 1952 నుంచీ విదేశీ విద్యార్థులకు పోలిష్ నేర్పుతోంది. నేనూ అక్కడే నేర్చుకున్నాను. అందుకని తెలుగువాడికి ఏ విభక్తి సులువో, ఏది కొరుకుడు పడదో రాస్తున్నాను.

ముందు ఒక హెచ్చరిక. బళ్ళో వల్లించిన మన విభక్తి ప్రత్యయాల వరసను పోలిష్ పట్టిక పక్కన పెట్టి, ప్రథమకు ప్రథమ, షష్ఠికి షష్ఠి అని జత కట్టకు. మన వ్యాకరణాలు ‘కి, కు’లను ‘యొక్క’తో కలిపి షష్ఠిలో వేశాయి. పోలిష్‌లో ‘కి, కు’ల పనికి ట్సెలోవ్నిక్ అనే విభక్తి వేరే ఉంది, ‘యొక్క’ పనికి దొపెవ్‌న్యాచ్ వేరే ఉంది. మన పంచమికి అక్కడ సొంత రూపమే లేదు, ‘నుంచి’ అనాలన్నా దొపెవ్‌న్యాచే దిక్కు. కాబట్టి వరస సంఖ్యలు వదిలేసి అక్కడి బడిపిల్లల్లా ప్రశ్నలు పట్టుకో. ‘క్తో, ట్సో’ అంటే ఎవరు, ఏమిటి. ‘కోము, చెము’ అంటే ఎవరికి, దేనికి. ప్రతి విభక్తికీ ఇలాంటి ప్రశ్నల జంట ఒకటుంది. పిలుపు విభక్తికి మాత్రం ప్రశ్న ఉండదు, పిలవడమే.

నువ్వు మొదట నేర్చుకోవాల్సింది కర్మకు వాడే బ్యెర్నిక్. ఇందులో తెలుగువాడికి ఒక వెసులుబాటు ఉంది. ‘ఇల్లు చూశాను’ అంటాం, ‘కుక్కను చూశాను’ అంటాం. ప్రాణం లేనిదానికి ‘ను’ లేకపోయినా జరుగుతుంది, ప్రాణం ఉన్నదానికి జరగదు. పోలిష్ పుంలింగ ఏకవచనంలోనూ ఇదే తేడా. ఇల్లు ‘దోమ్’ చూసినా దోమ్‌గానే ఉంటుంది, కుక్క ‘ప్యెస్’ మాత్రం ‘ప్సా’ అయిపోతుంది. ప్రాణం లెక్క అక్కడక్కడా తమాషాగా ఉంటుందనుకో. శవానికి ప్రాణమున్నట్టే రూపం మారుస్తారు, మాటల్లో టమాటాకు కూడా. స్త్రీలింగానికి ఈ వివక్ష లేదు: కాఫీ ‘కావా’ అయితే, తాగేటప్పుడు ‘కావె’. కర్మకు గుర్తు ఉంది కనక మాటలు ఎటు తిప్పినా అర్థం చెడదు. పిల్లి కుక్కను చూసినా, కుక్కను పిల్లి చూసినా ఒకటే కదా మనకు, వాళ్ళకూ అంతే.

ఇక దొపెవ్‌న్యాచ్. పోలిష్‌లో అన్ని విభక్తుల కంటే బరువు మోసేది ఇదేనని నా అభిప్రాయం. దీన్ని లొంగదీసుకుంటే సగం పోలిష్ వచ్చినట్టే. ‘యొక్క’ అర్థం సరే, మనకు అలవాటు లేని పనులు రెండున్నాయి. వాక్యంలో ‘లేదు’ రాగానే కర్మ ఈ విభక్తిలోకి జారుతుంది. సమయం ఉంటే ‘మామ్ చాస్’, లేకపోతే ‘న్యె మామ్ చాసు’. కొట్లో పాలు, అంటే ‘మ్లెకో’, అయిపోతే ‘న్యె మా మ్లెకా’ అంటుంది అమ్మే ఆవిడ. తెలుగులో ‘లేదు’ అన్నంత మాత్రాన పాలకు ఏమీ కాదు. అందుకే మనవాళ్ళు ఇక్కడ ఏళ్ళ తరబడి తడబడతారు.

రెండోది అంకెలు. అక్కడి డబ్బు జ్వోతిని లెక్కపెట్టు, అదే నేర్పుతుంది. ఒకటైతే జ్వోతి. 2, 3, 4 అయితే జ్వోతె. 5 నుంచి బహువచన దొపెవ్‌న్యాచ్, అంటే జ్వోతిహ్. 12, 13, 14 కూడా జ్వోతిహే, 21 కూడా. 22 దగ్గర మళ్ళీ జ్వోతె వస్తుంది, 25కు మళ్ళీ జ్వోతిహ్. ఎందుకని అడక్కు. కొట్లో బిల్లు చెల్లించేటప్పుడు ఆ మొత్తాన్ని పైకి చదువు, అంతే.

దొపెవ్‌న్యాచ్‌లోని ‘యొక్క’ అర్థానికి పుస్తకం కూడా అక్కర్లేదు, వీధి పలకలు చాలు. కవి తువిమ్ 1894లో పుట్టింది మీ ఊళ్ళోనే. ఆయన పేరిట ఉన్న వీధి పలక మీద ‘తువిమా’ అని ఉంటుంది. నారుతోవిచ్ వీధి ‘నారుతోవిచా’, షెన్‌క్యేవిచ్ వీధి ‘షెన్‌క్యేవిచా’. సేనాని కోష్చుష్కో వీధి మాత్రం ‘కోష్చుష్కి’. ‘ఓ’తో ముగిసే మగవాళ్ళ ఇంటిపేర్లు ఏకవచనంలో ఆడపేర్ల దారి పడతాయి. పలక మీద కనిపించేది అసలు పేరు కాదన్నమాట. ఆ తోక తీసి అసలు పేరు రాబట్టుకోవాలి.

‘తో’ విషయంలో జాగ్రత్త. మనం కలంతో రాస్తాం, అన్నతో వెళ్తాం, రెంటికీ ఒకటే ‘తో’. నజెండ్నిక్ విభక్తిలో సాధనానికి తోక ఒక్కటే చాలు, తోడుకు ముందు ‘జ్’ కూడా కావాలి. ట్రామ్‌లో వెళ్తే ‘త్రామ్వాయెమ్’. ‘జ్ త్రామ్వాయెమ్’ అన్నావంటే ట్రామ్‌ను వెంటబెట్టుకుని బయల్దేరినట్టు. పైగా అదే ‘జ్’ దొపెవ్‌న్యాచ్‌తో వస్తే ‘నుంచి’ అని అర్థం: ‘జ్ బ్రాతెమ్’ అన్నతో, ‘జ్ దోము’ ఇంటి నుంచి. ముందున్న మాటను ఎప్పుడూ ఒంటరిగా నేర్చుకోకు, దాని వెనక ఏ తోక వస్తుందో దానితో సహా నేర్చుకో. ‘నేను విద్యార్థిని’ అనడానికి కూడా ఇదే విభక్తి, ‘యెస్తెమ్ స్తుదెంతెమ్’.

ట్సెలోవ్నిక్ నీకు చుట్టం లాంటిది. ‘నాకు చలిగా ఉంది’ అంటే ‘జిమ్నో మి’, ‘నాకు నచ్చింది’ అన్నా అదే ‘మి’. ఆకలి మాత్రం ఈ దారిన రాదు, ‘ఆకలిగొన్నవాణ్ణి’ అన్నట్టుగా చెప్పాలి.

‘లో’ అర్థంలో మాట నడిమే మారిపోతుందని విసుక్కున్నావు. వూచ్‌లో అంటే ‘వ్ వోజి’. ‘రెంకా’ చెయ్యి, చేతిలో అంటే ‘వ్ రెంట్సె’. మరి చెయ్యి చేతిలో ఎలా అయింది? ఇల్లు ఇంట్లో, నోరు నోట్లో, ఊరు ఊళ్ళో అవుతున్నాయి కదా. చిన్నయసూరి 1858లోనే బాలవ్యాకరణంలో ఇలాంటి మార్పులకు ఔపవిభక్తికాలని పేరు పెట్టి సూత్రాలు రాశాడు. నువ్వు మూడేళ్ళ వయసులో ఏ సూత్రం లేకుండానే అవన్నీ పలికావు.

నిజంగా చెమట పట్టించేది విశేషణం. మంచి ఇల్లు, మంచి ఇంట్లో, మంచి ఇంటి నుంచి – మన ‘మంచి’ కదలదు. పోలిష్‌లో కొత్త ఇల్లు ‘నోవి దోమ్’, కొత్త ఇంట్లో ‘వ్ నోవిమ్ దోము’, కొత్త ఇంటి నుంచి ‘జ్ నోవెగో దోము’. చివరి రెంటిలో ఇంటి రూపం ఒకటే, తేడా చెబుతున్నది విశేషణమే. అందుకే ఏ నామవాచకం నేర్చినా పక్కన ఒక విశేషణం తగిలించి నేర్చుకో. పట్టిక మీద పెట్టబోయిన శ్రమంతా ఇక్కడ పెట్టు.

పిలుపు రూపం స్నేహితుల పేర్లతో వాడకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు. మీ ప్రొఫెసర్‌కు మెయిల్ రాసేటప్పుడు మాత్రం మగవారైతే ‘షానోవ్ని పాన్యె ప్రొఫెసోజె’ అనే మొదలుపెట్టు, అక్కడ తప్పితే మర్యాద తప్పినట్టే.

ఈసారి రాసేటప్పుడు పట్టికలు పంపకు. నువ్వు రోజూ వెళ్ళే దారిలో మనుషుల పేర్లున్న వీధులన్నీ రాసి, ఒక్కోదాని పక్కన ఆ మనిషి అసలు పేరు రాసి పంపు. దిద్ది పంపిస్తాను.

మీ అత్త