చన్నీళ్లకు తెల్లబడే వేళ్లు

స్క్లెరోడెర్మా చర్మం బిగుసుకుపోయే జబ్బు, అంటుకోదు. ఎక్కువగా ఆడవారికే వస్తుంది. చలి తగిలితే వేళ్లు తెల్లబడి, నీలమై, తిమ్మిరెక్కుతాయి. కొందరికి పుండ్లూ పడతాయి. చలికాలం ఫజ్ర్ వేళ మన కొత్తకోటలో ట్యాంకు నీళ్లు ఎలా ఉంటాయో మనకు తెలియనిది కాదు. వీరు గోరువెచ్చని నీళ్లతోనే వుజూ చేసుకోవాలి. నీళ్లే హాని అని డాక్టరు చెబితే తయమ్ముమ్‌కు షరీఅత్‌లో అనుమతి ఉంది, మొహమాటం అక్కర్లేదు. గిన్నెలు తోమేటప్పుడు చేతులకు తొడుగులు ఉండాలి. బీడీ పొగ దగ్గరకే రాకూడదు.

ఛాతీలో మంట ఉంటే రాత్రి పెందలాడే, కొద్దిగా తిని, మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టుకోవాలి. బీపీ ఉన్నట్టుండి పెరిగితే కిడ్నీలకు ముప్పు కాబట్టి తరచూ చూపించుకోవాలి. స్టెరాయిడ్ మాత్రలు సొంతంగా వాడరాదు.

హైదరాబాద్ నిమ్స్‌లో రుమటాలజీ విభాగం ఉంది. దాతలు ఈ ఏడు దుప్పటితోపాటు ఒక జత ఊలు తొడుగులు, అక్కడికి వెళ్లే బస్సు చార్జీ కలపమని కోరుతున్నాం.